ఇంగ్లీషు సామెత - మన వాడుక



ఇంగ్లీషు చదవడం వచ్చు, మాటలకు అర్థాలూ తెలుసు, అయినా ఎదుటివారు చెప్పింది అంతుపట్టదు. ఈ అవస్థ మీలో చాలామందికి అనుభవమే అయివుంటుంది. మెట్రిక్ ప్యాసయ్యానన్న ధీమాతో నేను చేసిన పొరపాటు ముందు చెబుతాను.

మా మామగారిని ఆసుపత్రిలో చేర్పించిన మూడోరోజు. మావారు ఊళ్ళో లేరు. డాక్టరుగారు హడావుడిగా పోతూ "ఇట్స్ టచ్ అండ్ గో" అన్నారు. టచ్ అంటే తాకడం, గో అంటే వెళ్ళడం. ఇంకేముంది, ఒకసారి చెయ్యిపట్టి చూసి ఇంటికి పంపించేస్తారు కాబోలనుకున్నాను! ఇంటికొచ్చి, "రేపు పంపించేస్తారట అత్తయ్యా, ఈ రాత్రికి మీరు రాకపోయినా ఫరవాలేదు" అన్నాను. పాపం, ఆవిడ దేవుడి దగ్గర దీపం పెట్టి, మూడురోజుల తర్వాత ఓ ముద్ద తిని నడుం వాల్చారు. రాత్రి ఎనిమిదింటికి మావారు దిగి ఆసుపత్రికి వెళితే, "నాట్ అవుట్ ఆఫ్ ది వుడ్స్ యెట్" అన్నారట డాక్టరు. అడవి దాటలేదని, అంటే గండం గడవలేదని. మొదటి మాటకీ అర్థం అదే, ప్రాణం అటో ఇటో అన్నట్టుందని. అత్తయ్యను లేపి రిక్షాలో తీసుకెళ్ళాం. మామగారు గట్టెక్కారు గానీ, ఆ రిక్షాలో అత్తయ్య నాతో ఒక్కమాటైనా మాట్లాడలేదు. "అంటే ఏమిటండీ?" అని అడగడానికి నేను సిగ్గుపడ్డాను, అంతే.

1919లో రవీంద్రనాథ్ ఠాగూరు మా మదనపల్లె బిసెంట్ థియసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడే 'జనగణమన'ను ఇంగ్లీషులోకి మార్చారు. కనుక ఒక భాషలోని భావాన్ని ఇంకో భాషలోకి చేర్చడం మా ఊరికి కొత్త కాదు. అంతకు చాలా ముందే, 1868లో, కార్ అనే సైనికాధికారి రెండువేలకు పైగా తెలుగు సామెతలు పోగుచేసి ఇంగ్లీషు అర్థాలతో అచ్చువేయించాడు. మన సామెతలకోసం ఆయన అంత శ్రమపడ్డాడు. వాళ్ళవి నాలుగు నేర్చుకోవడానికి మనకేం?

"డోంట్ లుక్ ఎ గిఫ్ట్ హార్స్ ఇన్ ది మౌత్" అంటారు. ఊరికే ఇచ్చిన గుర్రం నోరు తెరిచి చూడకు అని. ఎందుకు చూడడం? పళ్ళనుబట్టి పశువు వయసు తెలుస్తుంది గనుక. పుంగనూరువాళ్ళకు ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. మూడడుగులైనా లేని వాళ్ళ పొట్టి ఆవును కొనేటప్పుడు కూడా ముందు పళ్ళే చూస్తారు. దానమిచ్చిన ఆవుకు పళ్ళు ఎంచకూడదని మనమూ అంటాం కదా!

అర్థం తెలిస్తే చాలదు, ఎక్కడ వాడాలో తెలియాలి. "కిక్డ్ ది బకెట్" అంటే చనిపోయాడని. కానీ సంతాపం తెలిపే ఉత్తరంలో రాసేరు సుమా! అది మన 'టపా కట్టాడు' లాంటి మాట. పెద్దవారి విషయంలో మనం 'కాలం చేశారు' అంటామే, ఆ మర్యాద దానికి లేదు.

"క్యారీయింగ్ కోల్స్ టు న్యూకాజిల్" అని ఇంకోటుంది. న్యూకాజిల్ ఇంగ్లండులో ఒకప్పుడు బొగ్గుకు పేరుపడ్డ ఊరు. అక్కడికి బొగ్గులు మోసుకుపోవడమంటే, కుప్పానికి బండలు మోసినట్టే. మొన్న కుప్పంనుంచి మా చిన్నమ్మ వస్తూ వస్తూ బుట్టెడు టమాటాలు తెచ్చింది, అదీ టమాటా మండీ ఉన్న మదనపల్లెకు! ఉండబట్టలేక ఈ సామెత చెప్పి, న్యూకాజిల్ కథంతా వివరించాను. చిన్నమ్మ సాంతం విని, బుట్ట నా చేతిలో పెట్టి, "బొగ్గులేంది మే, టమాటాలు కదా!" అంది.