టిక్కెట్టు కొని పిల్లిని చూశాము



పిల్లిని చూడటానికి టిక్కెట్టు కొన్నామని చెబితే మా అత్తగారు నమ్మలేదు. “పాలగిన్నె మీద మూత తీసి పెడితే ఊళ్ళో పిల్లులన్నీ ఊరికే వచ్చి కనపడతాయి గదే! దానికి జపాను పోవాలటే?” అన్నారు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదు. కాని ఒకసారి కాదు, మూడుసార్లు వెళ్ళాము. మూడుసార్లూ మొహం వేలాడేసుకునే వచ్చాము.

మా చెల్లెలు, మరిదిగారు, వాళ్ళ ఎనిమిదేళ్ళ పాప టోక్యోలో ఉంటున్నారు. ఎడొగావా వార్డులో నిషికసాయి అనే పేట. మన దేశం వాళ్ళు చాలామంది ఉంటారక్కడ. కందిపప్పు, చింతపండు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. పిల్లిని పెంచుకునే వీలు మాత్రం లేదు. జంతువుల్ని ఉంచరాదని అద్దె కాగితంలోనే రాసి ఉంటుంది. టోక్యోలో చాలా అద్దె ఇళ్ళకి ఇదే షరతట. అందుకని విజయవాడ విడిచి వెళ్ళేటప్పుడు పాప తన పిల్లిని మా ఇంట్లో వదిలి వెళ్ళింది. సున్నిపిండి రంగులో ఉంటుందని దాని పేరు సున్ని. “జాగ్రత్తగా చూసుకో పెద్దమ్మా” అని దాన్ని తెచ్చి నా ఒళ్ళో పెట్టింది.

నేను చూసుకోలేకపోయాను. సంక్రాంతి ముందు ఒక రాత్రి వంటింటి కిటికీలోంచి బయటికి వెళ్ళిన పిల్లి మళ్ళీ రాలేదు. పది రోజులు సందులన్నీ తిరిగాను. పాలవాణ్ణి అడిగాను, ఇస్త్రీ బండి అతన్ని అడిగాను. పాప ఫోను చేసి “సున్ని ఏం చేస్తోంది?” అన్నప్పుడల్లా “నిద్రపోతోందమ్మా” అన్నాను. అలా నాలుగు నెలలపాటు నిద్రపుచ్చాను దాన్ని.

మే నెలలో నేను టోక్యో వెళ్ళినప్పుడు, పాపని క్యాట్ కఫేకి తీసుకువెడదామని పట్టుబట్టినది నేనే. ఎందుకో మీకు వేరే చెప్పక్కరలేదు.

క్యాట్ కఫే అంటే పిల్లులుండే కాఫీ హోటలన్నమాట. ఇది మొదట తైవానులోని తైపేలో 1998లో పుట్టింది. జపానులో మొదటిది 2004లో ఒసాకాలో పెట్టారు. ఇంట్లో పిల్లిని పెంచుకునే వీలు లేనివాళ్ళు, ఒంటరిగా ఉండే ఉద్యోగస్థులు గంట లెక్కన డబ్బు కట్టి పిల్లుల మధ్య కూర్చుని వెడతారు. మన దేశంలోనూ ముంబయి లాంటి చోట్ల ఇవి వచ్చాయి. రేపో మాపో మీ పిల్లలూ అడుగుతారు కాబట్టే ఇంతగా చెబుతున్నాను.

మొదటిచోట గుమ్మంలోనే ఆపేశారు. పదమూడేళ్ళ లోపు పిల్లలకి ప్రవేశం లేదట. ఆ సంగతి బోర్డు మీద రాసే ఉంది, మేమే చూసుకోలేదు. అద్దంలోంచి లోపలి పిల్లులు కనబడుతున్నాయి. పాప ఆ అద్దానికి ముక్కు ఆనించి నిలబడింది. నాకు కోపం వచ్చిందిగాని, చిన్నపిల్లలు తోక లాగుతారు, కేకలు పెడతారు, అందుకని పిల్లుల క్షేమం కోరి పెట్టిన నిబంధన అని చెల్లెలు చెప్పాక నోరు మూసుకున్నాను.

రెండోచోట పెద్దవాళ్ళతో వస్తే పిల్లల్ని రానిచ్చారు. మనిషికి గంటకి 1,200 యెన్లు. చెప్పులు విడిచి, చేతులు సబ్బుతో కడుక్కుని, వాళ్ళిచ్చిన మెత్తటి జోళ్ళు తొడుక్కుని లోపలికి వెళ్ళాలి. ఇదంతా నాకు నచ్చింది. దేవుడి గదిలోకి వెళ్ళినంత శుభ్రంగా వెళ్ళాము. కాఫీ మాటంటారా? మిషనులోంచి కాగితం గ్లాసులోకి పడుతుంది, పిల్లి వెంట్రుకలు పడకుండా పైన మూత. దాని సంగతి ఇక అడక్కండి.

పధ్నాలుగు పిల్లులున్నాయి. పధ్నాలుగూ నిద్రే. మధ్యాహ్నం రెండున్నర అప్పుడు. గోడకి కొట్టిన ఎత్తు బల్లల మీద, బుట్టల్లో ముడుచుకుని పడుకున్నాయి. నిద్రపోయేదాన్ని లేపకూడదు, ఎత్తుకోకూడదు, ఫోటోకి ఫ్లాష్ వేయకూడదు. పాప గంటలో అరగంట ఒక తోకని చూస్తూ కూర్చుంది. పిల్లి రోజుకి 12 నుంచి 16 గంటలు నిద్రపోతుందనీ, తెల్లవారుజామున, పొద్దుగుంకే వేళ హుషారుగా తిరుగుతుందనీ నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసి ఉంటే మధ్యాహ్నం వెళ్ళేవాళ్ళమే కాదు.

మరో 500 యెన్లిస్తే చిన్న గ్లాసులో కోడిమాంసం ముక్కలిస్తారు. కొన్నాను. ఇక చూడండి, ఆరు పిల్లులు ఎక్కణ్ణించి దూకాయో, పాప ఒళ్ళోకి ఎక్కేశాయి. పాప కిలకిలా నవ్వింది. రెండు నిమిషాలు. గ్లాసు ఖాళీ కాగానే, తెనాలి రామకృష్ణుడి పిల్లి పాలని చూసి పారిపోయినట్టు, ఒక్కటి మిగలకుండా వెళ్ళిపోయాయి. పాప ఖాళీ గ్లాసులోకి చూసి, “వీటికి కావలసింది నేను కాదు పెద్దమ్మా, గ్లాసు” అంది.

అక్కడొక ముసలి పిల్లి మెడకి ఎర్రటి గుడ్డ కట్టి ఉంది. ఆ గుడ్డ ఉన్నదాన్ని ఆ పూటకి ఎవరూ ముట్టుకోకూడదు, అలిసిపోయిందని గుర్తు. నాకెంత ముచ్చటేసిందో! పండగనాడు పదిమంది చుట్టాలకి వడ్డించి, ఇంకా నవ్వు మొహం పెట్టుకుని కాఫీలు కలిపే మనకి అలాంటి గుడ్డ ఒకటి ఎవరైనా కడితే బాగుండును. ఆ మాట చెల్లెలితో అంటే, “నాకు రెండు కావాలక్కా” అంది.

నవ్వులాటకి అన్నాగాని, ఈ పిల్లులు నిజంగా ఉద్యోగం చేస్తున్నాయి. అందుకే అక్కడి ప్రభుత్వం కొన్ని కట్టుబాట్లు పెట్టింది. 2012లో, రాత్రి 8 దాటాక కుక్కల్నీ పిల్లుల్నీ జనానికి ప్రదర్శించకూడదన్నారు. కఫేల్లో స్వేచ్ఛగా తిరిగే ఏడాది దాటిన పిల్లులకైతే 10 గంటల దాకా సడలింపు ఇచ్చారు. అయినా అన్నిచోట్లా సవ్యంగా లేదు. 2016లో టోక్యోలోనే సుమిదా వార్డులో ఒక కఫేలో, 30 చదరపు మీటర్ల చోటులో 60కి పైగా పిల్లుల్ని కుక్కి ఉంచారని అధికారులు వ్యాపారం ఆపించారు. మన ఇంటి హాలు రెండింతలుంటే ఎంతో, అంతలో అరవై! మీరెప్పుడైనా వెడితే ముందు ముక్కుతో చూడండి. కంపు కొడితే గుమ్మంలోంచే తిరిగి రండి. తర్వాత, పిల్లి మనకి అందకుండా పోయి దాక్కోవడానికి చోటుందేమో చూడండి. అది లేనిచోట పిల్లి ఒళ్ళోకి వచ్చినా సంతోషించవలసిందేమీ లేదు.

మూడోది వీధిపిల్లుల్ని చేరదీసి, పెంచుకునేవాళ్ళకి అప్పగించే కఫే. సాయంత్రం ఆరింటికి వెళ్ళాము. పిల్లులు మెలకువగానే ఉన్నాయి, కాని మనిషంటే బెదురు. ఒకటి అట్టపెట్టెలోంచి కళ్ళు మాత్రం బయటపెట్టి చూస్తోంది. అదీ సున్నిపిండి రంగే. అక్కడి అమ్మాయి పాపకి ఒక కిటుకు చెప్పింది. పిల్లిని గుచ్చి చూడకుండా కళ్ళు మెల్లగా అరమూసి తెరవాలట. (ఇది ఉత్త మాట కాదు. 2020లో ఇంగ్లండు పరిశోధకులు పరీక్షించి చూశారు. అలా చేసినవాళ్ళకి పిల్లులూ కళ్ళు అరమూసి బదులిచ్చాయట.) పాప నేలమీద చతికిలబడి ఎంతసేపు చేసిందో! చివరికి పెట్టెలో ఉన్నది ఒక్కసారి కళ్ళు అరమూసింది. అంతే. బయటికి రాలేదు. గంట అయిపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు రైల్లో పాప, “సున్ని నన్ను మరిచిపోయి ఉంటుందా? నేను వెళ్ళినా పెట్టెలోనే దాక్కుంటుందా?” అంది. ఇంక నావల్ల కాలేదు. చెప్పేశాను.

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది.

“మరి నా పుట్టినరోజుకి ఫోను చేస్తే నిద్రపోతోందన్నావు?”

“అబద్ధం చెప్పానమ్మా.”

“అన్నిసార్లూనా?”

“అన్నిసార్లూ.”

ఇల్లు చేరేదాకా నాతో మాట్లాడలేదు. మర్నాడూ అంతే. నేను కలిపిన అన్నం తినలేదు, వాళ్ళమ్మ కలిపితే తిన్నది. మూడో రోజు నా పెట్టె సర్దుకుంటుంటే వచ్చి పక్కన నిలబడి, “ఆ కిటికీ ఇంకా తీసే ఉంచుతున్నావా?” అని అడిగింది. దొంగల భయానికి ఫిబ్రవరిలోనే మూసేశానని చెప్పాను. ఈసారి నిజమే చెప్పాను.

విజయవాడ వచ్చిన రోజే కమ్మరిని పిలిపించి, పిల్లి పట్టేంత సందు వదిలి కిటికీకి ఊచలు వేయించాను. రాత్రిళ్ళు తలుపు తీసే ఉంచుతున్నాను. దోమలొస్తున్నాయని అత్తగారు రోజూ సణుగుతారు. పాలగిన్నె మూత మీద మాత్రం ఆవిడే రోకలిబండ పెడుతున్నారు.