చిన్న చిత్రములు - చిక్కు పాఠములు

సూక్ష్మచిత్రలేఖనము నేర్పెదమను పాఠములు నేడు పుస్తకములందును, ఫోను తెరలమీదను కోకొల్లలు. పలాసలోనో, కవిటిలోనో కూర్చుండి రాజస్థాన చిత్రకారుని చేతిని చూడగలుగుట చిన్న భాగ్యము కాదు. అయినను, ఆ పాఠమును చూచి కుంచె పట్టినవారిలో పెక్కుమంది మూడవనాటికే కాగితమును అటక మీద పడవేసి, ‘నా చేతిలో కళ లేదు’ అని తమను తామే నిందించుకొనుచున్నారు. ఆ నింద చాలవరకు పాఠమునకు చెందవలసినదని మా అభిప్రాయము.

పొడి రంగులో ‘కొంచెము జిగురు కలుపుడు’ అని పాఠము చెప్పును. ఆ కొంచెము ఎంత? తక్కువైనచో రంగు ఆరిన పిదప పొడియై రాలును. ఎక్కువైనచో బీటలు వారును. క్రింది పూత ఆరనిదే పై గీత నిలువదు, రెండును కలిసి మురికియగును. రాజస్థానపు పొడిగాలిలో చెల్లిన లెక్క, ఉద్దానపు కొబ్బరితోటల నడుమ వానకాలపు సముద్రపు గాలిలో చెల్లదు. ఇంటి ఉప్పుజాడీ ఎట్లు చెమ్మగిల్లునో ఎరిగిన నౌపడవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. తెరమీద మాత్రము ఆరుటకు పట్టిన కాలమును కత్తిరించివేయుదురు. ఒక్క క్షణములో తడి చిత్రము పొడి చిత్రమగును! అభ్యాసకునికి నేర్పవలసిన దంతయు ఆ కత్తిరించిన భాగములోనే యున్నది.

ఇట్టి పని మనకు దూరపు విద్య కాదు. టెక్కలి చెంతనున్న నౌపడ నుండి 1900లో చిన్న రైలు నడచిన పర్లాకిమిడి, 1936లో ఒడిశాలో చేరినది. అది గంజపాకు పేరుపొందిన ఊరు. గంజపా యనగా అరచేత నిముడు గుండ్రని ఆటచీట్లు. పాత నూలుగుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అంటించి, సుద్ద పట్టించి, రాతితో నునుపు చేసి, గుండ్రముగా కోసి చిత్రింతురు. ఒడిశా పటచిత్రకారుల సంప్రదాయములో తెలుపు శంఖపు పొడి, నలుపు దీపపు మసి, ఎరుపు ఇంగిలీకము, పసుపు హరిదళము. కలుపుటకు వెలగ బంక. (ఇంగిలీకములో పాదరసము, హరిదళములో పాషాణము కలవు. పిల్లలున్న ఇంట వానిని నూరరాదు. అంగడి రంగులే మేలు.) ముతక కుంచెకు వారు మొగలి ఊడను వాడుదురు. ఆ మొగలి మన తీరపు కంచెల వెంట పెరుగుచునే యున్నది. పాఠము మాత్రము ఎక్కడిదో ఖరీదైన కుంచెను తెప్పించుకొమ్మనును.

ఎనిమిది రంగుల గంజపాలో 96 చీట్లు. ఇచట రంగనగా చీట్ల జాతి. ప్రతి రంగునకు ఒక రాజు, ఒక మంత్రి, ఒకటి మొదలు పది వరకు అంకెల చీట్లు. ఆ పది చీట్లలోని గుర్తులను కూడినచో 55. ఎనిమిది రంగులకు 440. ఒక కట్ట పూర్తిచేసిన చేయి ఒక్కొక్క గుర్తును 55 మారులు గీసినదన్నమాట. అంత సాము చేసిన చేతికి రాజు కనుబొమ్మ గీయునప్పుడు వణకు ఎక్కడిది? మన పాఠములో తొలినాడే రాధ కన్ను! వడకుట రానివానిని పొందూరు సన్నపంచె నేయుమన్నట్లున్నది.

ఇంట అభ్యసింపదలచినవారు మొదట చిత్రము జోలికి పోవలదు. ఒక అట్టముక్క మీద అయిదు చుక్కలు పెట్టుడు. రంగు ఒక్కటే, జిగురు పాలు మాత్రము చుక్కచుక్కకు మార్చవలెను. మరునాటి ఉదయము వేలితో రుద్ది, ఏ చుక్క బీటలు వారక, వేలికంటక నిలిచినదో దాని పాలు వ్రాసి యుంచుకొనుడు. శ్రావణములో ఒకసారి, మాఘములో ఒకసారి ఇట్లు చేయవలెను. రెండు లెక్కలును ఒకటి కావు. తరువాత ఒక చిన్న పువ్వును 55 మారులు గీయుడు. ముఖము సంగతి అటుపిమ్మట చూచుకొనవచ్చును.