సాధన చేస్తేనే పాట, సాధన చేస్తేనే చదువు

(బంగారుపాళ్యంలో కొత్తగా చదువు నేర్చిన మహిళల కోసం ప్రసంగం)



తెల్లవారితే చాలా గుళ్ళలో మైకులో సుప్రభాతం వినిపిస్తుంది. ఆ గొంతు ఎవరిది? ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారిది.

ఆమె 1916లో మధురైలో పుట్టారు. తల్లి షణ్ముఖవడివు వీణ వాయించేవారు. సుబ్బులక్ష్మి చిన్నప్పుడే బడి మానేశారు. కానీ పాట మానలేదు.

చిన్నతనంలో ఆమె ఒక ఆట ఆడుకునేవారు. తంబురా మీటి, ఆ శ్రుతిలో పాడేవారు. తర్వాత తంబురా ఆపేసి పాడేవారు. కొంతసేపయ్యాక మళ్ళీ మీటి చూసేవారు. గొంతు శ్రుతిలోనే ఉందా? పక్కకు జారిందా? ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగలేదు. తన గొంతును తానే పరీక్ష పెట్టుకున్నారు. ఆ ఆటే సాధన అయింది.

ఆమె మాతృభాష తమిళం. అయినా తెలుగు పాటల్ని మాట తప్పకుండా పాడారు. 1979లో తిరుమల తిరుపతి దేవస్థానం కోసం అన్నమయ్య పాటలు పాడారు. అప్పటికి ఆమెకు అరవై దాటింది. అంత పేరున్న మనిషి! అయినా నేదునూరి కృష్ణమూర్తి గారి దగ్గర కొత్త పాటలు నేర్చుకున్నారు. 1998లో ఆమెకు భారతరత్న వచ్చింది. 2004లో కన్నుమూశారు. తిరుపతిలో ఆమె విగ్రహం ఉంది.

"ఆమె పెద్ద గాయని. మనకెట్లా అవుతుంది?" అంటారేమో. మన ఊళ్ళ కోలాటం చూడండి. మొదటి రోజు కోపు తప్పుతుంది. కట్టెకు కట్టె తగలదు. పక్కామె వేలికి తగులుతుంది! గురువు ఏం చేస్తాడు? అడుగు నిదానంగా వేయిస్తాడు. తప్పిన చోటే పదిసార్లు వేయిస్తాడు. అడుగు కుదిరినాకే వేగం పెంచుతాడు. సంగీతం పాఠాలూ ఇంతే. సరళీ స్వరాలు మొదట నిదానంగా పాడాలి. తర్వాత రెండో కాలం, ఆ తర్వాత మూడో కాలం.

సాధనకు నాలుగు మాటలు గుర్తుంచుకోండి.

1. రోజూ కొంచెం చేయాలి. వారానికి ఒకసారి రెండు గంటలు కూర్చునే దానికన్నా, రోజూ పావుగంట మేలు.
2. ముందు నిదానం. తర్వాతే వేగం.
3. వచ్చిన చోటే తిప్పి తిప్పి పాడొద్దు. రాని చోట ఆగండి.
4. మీ తప్పు మీరే వెతకండి. దొరక్కపోతే పక్కామెను అడగండి. అడిగేదానికి సిగ్గెందుకు?

చదువు కూడా పాట లాంటిదే. మామిడికాయల కాలం వస్తే పనులు ఎక్కువ. పలక అటక ఎక్కుతుంది. పనులు అయ్యేసరికి ఒత్తులు మరిచిపోతాం. అప్పుడు మండీ చీటీలో తూకం ఎంత వేశారో, ధర ఎంత రాశారో ఎవరు చదివి పెడతారు? పొదుపు పుస్తకంలో మళ్ళీ వేలిముద్రేనా?

అందుకే పొద్దుగూకినాక, సంకటి గెలికి పొయ్యి ఆర్పినాక, ఒక్క పావుగంట కూర్చోండి. మీకు వచ్చిన పాట ఒకటి పాడండి. ఆ పాటనే పలక మీద రాయండి. రాసింది చదువుతూ మళ్ళీ పాడండి. ఏ మాట దగ్గర తడబడ్డారో ఆ మాటను దిద్దండి.

గొంతూ నిలుస్తుంది. అక్షరమూ నిలుస్తుంది.