క్రొత్త కాలనీయు, పాత నీటిదారియు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



మన చెరువుకు దిగువనున్న పొలములలో క్రొత్తగా ఇండ్ల స్థలములు వేయుటకు యత్నములు జరుగుచున్నవి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ బాటల వెంట నేడు హద్దురాళ్లు మొలవని చేను అరుదు. ఇండ్లు వలదనుటకు నేను నిలుచుండలేదు. పిల్లలు పెరిగిరి, వేరు కాపురములు పెరిగినవి. ఇండ్లు కావలసినదే. అయితే నీటికి దారి విడిచిన పిమ్మటనే మనుష్యులకు దారులు గీయవలెనని నా మనవి.

2024 ఆగస్టు 31వ తేదీ రాత్రి వానను మనమెవ్వరమును మరువలేదు. కోదాడలో కాలనీలు జలమయములైనవి, కార్లు కొట్టుకొనిపోయినవి, ప్రాణములును పోయినవి. మరునాడు నడిగూడెం మండలములో సాగరు ఎడమ కాలువకు గండి పడినది.

ఇచ్చట నా తప్పు నొకటి చెప్పుకొనవలెను. అంతకు కొన్నేండ్ల ముందు ఒక గృహస్థు స్థలము కొనుచు, హద్దులు చూపుమని నన్ను పిలిచెను. నక్షా తెరచి, గొలుసు పట్టించి, నాలుగు హద్దులును సరిగా చూపితిని. ఆ స్థలము గుండ అలుగు నీరు పారు పిల్లకాలువ యుండెడిదని నే నెరుగుదును. అది ఎండి చాల కాలమైనది గదా యని ఊరకుంటిని. అత డడుగలేదు, నేను చెప్పలేదు. ఆ రాత్రి అతని యింట నడుములోతు నీరు నిలిచెను. నేటికిని అతడు నన్నొక మాట యనలేదు. అదియే నాకు బరువుగా నున్నది.

ఆముక్తమాల్యదలో రాయలవారు రాజనీతి చెప్పుచు, చిన్న రాజ్యమైనను కుంటలు, కాలువలు కల్పించినచో సంపద పెరుగునని తెలిపిరి. మనము కుంటలు పూడ్చి సంపద వెదకుచున్నాము.

ఇక లెక్క చూడుడు. వేయి చదరపు అడుగుల కప్పుపై ఒక్క అంగుళము వాన కురిసిన 2,360 లీటర్ల నీరగును. ఏటికి 30 అంగుళములని పట్టిన 70,000 లీటర్లకు మించును. అయిదవ వంతు ఆవిరికిని, కప్పు కడుగుటకును పోయినదనుకొన్నను 56,000 మిగులును. ఏబది ఇండ్లకు 28 లక్షల లీటర్లు! దీనిని మురుగు కాలువకు వదలి, మరల బోరు వేసి తోడుచున్నాము. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో బోరునీటి ఫ్లోరైడు ఎందరి ఎముకలను వంచినదో మీరెరుగనిది కాదు. వాననీట ఆ బాధ లేదు. ఇంటింటను కంకర, ఇసుక నింపిన ఇంకుడుగుంత యొకటి యుండవలెను. మరుగుదొడ్డి నీరు మాత్రము దాని దరి చేరరాదు.

గోడల సంగతి కొంచెము. స్వచ్ఛమైన సున్నపురాయి 100 కిలోలు కాల్చిన 44 కిలోలు బొగ్గుపులుసు గాలియై పైకి పోవును. మేళ్లచెరువు ప్రాంతపు సిమెంటు కర్మాగారములు మనవారికి పనులిచ్చినవి, వానిని నేను నిందింపను. వాడుక తగ్గింపవచ్చును. కేరళలో లారీ బేకరను శిల్పి ఇటుకలను అంచుపై నిలిపి, నడుమ బోలు విడిచి గోడలు కట్టించెను. ఇంచుమించు నాలుగవ వంతు ఇటుక మిగులును, బోలులోని గాలి ఎండ వేడిమిని తగ్గించును. మన మేస్త్రీలకిది అలవాటు లేదు. ముందుగా ఒక ప్రహరీగోడపై చేయి తిప్పిన తప్పులేదు. పడమటి గోడకు వేపయో కానుగయో నీడనిచ్చిన చాలును. వాస్తు పండితులు కోపగించినను సరే, మే నెల సూర్యుడు వారి మాట వినడు.

చెత్తకు దూరపు ఉదాహరణ మక్కరలేదు. 2000 తరువాతి తొలి యేండ్లలో సూర్యాపేట పురపాలక సంఘము తడిచెత్త, పొడిచెత్త వేరుగా సేకరించి, వానపాముల ఎరువు చేయించి దేశమున పేరు గన్నది.

పాత గ్రామ నక్షాకు నకలు తీసి, పఠన మందిరములోని పెద్ద బల్లపై నుంచినాను. అలుగు కాలువను నీలి సిరాతో దిద్దితిని. అది క్రొత్తగా గీసిన స్థలములలో పదునొకండింటిని దాటిపోవుచున్నది. బయానా ఇచ్చినవారు నేడే చూడగోరుదును.