మాసిన రంగు కాదు, మన్నిన రంగు



ఈ రోజు మేము ఒక రంగు గురించి, మేము చేసిన ఒక తప్పు గురించి చెబుతాం.

ఒకసారి మా హాస్టల్‌కు ఒక పాప వాళ్ల నానమ్మ బట్ట తెచ్చుకుంది. తెల్లని నూలు బట్ట. అంచు, కొంగు మాత్రం ముదురు ఎరుపు, కొంచెం ఊదా కలిసినట్టుండే రంగు. అది చూసి మేమే, "మాసినట్టుంది, ఇంటికి పంపేయమ్మా" అన్నాం. పాప తల దించుకుంది.

తర్వాత తెలుసుకున్నాం. అది పక్కనే ఒడిశాలోని కోరాపుట్ జిల్లా, కోట్‌పాడ్‌లో నేసిన బట్ట. అక్కడ మిర్గాన్ నేతగాళ్లు నేస్తారు, చుట్టుపక్కల ఆదివాసీలు కడతారు. రంగు ఆల్ చెట్టు వేరు బెరడు నుంచి వస్తుంది. మన తొగరు చెట్టుదీ అదే జాతి. నూలుకు పేడ, ఆముదం, బూడిద నీళ్లు పట్టించి, ఎండబెట్టి, మళ్లీ తడిపి, ఆ తర్వాతే వేరు పొడితో ఉడికిస్తారు. ఇదంతా వారాల తరబడి సాగే పని. అంచు మీద పీత, చేప, శంఖం, గొడ్డలి నేస్తారు. ఈ బట్టకు 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కోట్‌పాడ్ నేతగాడు గోవర్ధన్ పనికా గారికి 2018లో పద్మశ్రీ వచ్చింది.

ఇంగ్లండులోనూ ఇలాంటి రంగు ఒకటి ఉండేది. మల్బరీ పండు పేరు మీద దాన్ని 'మర్రీ' అనేవారు. 15వ శతాబ్దంలో యార్క్ వంశపు రాజుల మనుషులు మర్రీ, నీలం కలిసిన దుస్తులు వేసుకునేవారు. తర్వాత వంశ చిహ్నాల గురించి పుస్తకాలు రాసినవాళ్లు అదే రంగును 'మరక' రంగుల్లో చేర్చారు. రంగు మారలేదు, పేరు పెట్టినవాళ్లు మారారు. మేమూ ఆ పాప బట్టకు అలాంటి పేరే పెట్టాం.

పిల్లలకు అఆలు నేర్పాలని ట్రైనింగ్ అయ్యాం. వాళ్ల ఇంటి బట్టను చదవడం మాత్రం మాకెవరూ నేర్పలేదు. అది పిల్లలే నేర్పాలి.

అందుకే ఆగస్టు 9న, ఆదివాసీ దినోత్సవం నాడు, మా హాస్టల్‌లో యూనిఫాం ఉండదు. ఎవరింటి బట్ట వాళ్లు కట్టుకొస్తారు. అమ్మలారా, పెట్టె అడుగున దాచినవి పంపండి. ఆ నేత బట్ట కొనేటప్పుడు దయచేసి బేరమాడకండి. వేరు తవ్వితే చెట్టు పోతుంది. కాబట్టి మన గట్ల మీద రెండు తొగరు మొక్కలు నాటండి.

ఆ పాపకు ఇంతమంది ముందు చెబుతున్నాం: మమ్మల్ని మన్నించు తల్లీ. ఈసారి నానమ్మ బట్ట తెచ్చుకో.

జోహార్లు.