క్షీరనీరముల వంటి కణము

లెక్కలు వ్రాసుకొనువానికి వెలుగు సంగతి ఏల యని కొందఱు నవ్వవచ్చును. మన గ్రంథాలయమున భౌతికశాస్త్ర గ్రంథమొకటి మూడు మాఱులు చదివినగాని నా పొరపాటు నాకు తెలియలేదు. దానినే విన్నవించెదను.

అర్ధవాహక స్ఫటికముపై తగిన వెలుగు పడినప్పుడు ఎలక్ట్రాను తన స్థానము వీడి పై స్థితికి లేచును. వెనుక ఖాళీ మిగులును. ఆ ఖాళీ ధనావేశము గలదానివలె ప్రవర్తించును గనుక రెండును జంటయై తిరుగును. ఆ జంట పేరు ఎక్సిటాన్. అట్టి స్ఫటికపు పలుచని పొరను మిక్కిలి చేరువనున్న రెండు అద్దముల నడుమ నుంచినచో, వెలుగు జంటగను, జంట వెలుగుగను మాఱుచుండును. వెలుగు అద్దము దాటిపోవుటకంటెను, జంట చెదరుటకంటెను ఈ మార్పిడి వేగముగా జరిగినప్పుడు పుట్టునది పొలారిటాన్.

ఇందు వెలుగును పదార్థమును నువ్వులు బియ్యమువలె కలసియుండునని నేను భ్రమపడితిని. ఆలంకారికులు సంసృష్టికి తిలతండుల న్యాయమును, సంకరమునకు క్షీరనీర న్యాయమును చెప్పుదురు గదా! ఇది సంకరమే. వేఱుచేసి చూపరాదు, పాళ్లు మాత్రము గణింపవచ్చును. ఆ గణనను 1958లో చూపి, పొలారిటానను పేరు పెట్టినవాడు హాప్‌ఫీల్డు. 1992లో వైస్‌బుష్, అరకావా ప్రభృతులు అద్దముల నడుమ దానిని కనుగొనిరి.

వెలుగు పాలు చేత ఇది ఎలక్ట్రాను బరువులో పదివేలవ వంతంత తేలిక. పదార్థపు పాలు చేత తోటివానిని నెట్టును. వట్టి వెలుగైనచో ఒకదానినొకటి పట్టించుకొనక దాటిపోవును.

అధికశక్తితో పుట్టిన పొలారిటాన్లు స్ఫటిక కంపనములకు కొంచెము కొంచెముగా శక్తినిచ్చి క్రిందికి దిగును. చిక్కంతయు ఇచటనే యున్నది. అడుగు సమీపించుకొలది వెలుగు పాలు పెరుగును, కంపనములతో పొత్తు సన్నగిల్లును, ఆయువు తఱుగును. ఆయువన నెంత? ఆ తొలి పొరలలో సెకనున లక్షకోట్లవ వంతులు కొన్ని! తూము ఇఱుకైన కాలువలో నీరువలె పైననే గుమిగూడి, అడుగు చేరకయే అవి వెలుగై వెలుపలికి పోవును.

సంఖ్య హెచ్చినచో దారి దొరకును. రెండు ఢీకొని ఒకటి పైకిపోగా వేఱొకటి క్రిందికి దిగును. క్రింద కొన్ని చేరియున్నచో తక్కినవియు అచటికే త్వరపడును. 1924లో సత్యేంద్రనాథ బోసు వెలుగు కణములకు చెప్పిన గణనమునకు ఫలమిది. 2006లో గ్రెనోబుల్ మొదలగు చోట్ల పరిశోధకులు కాడ్మియం టెల్యురైడు పొరలో, సున్నకు దిగువ 254 డిగ్రీల చలిలో, అవి ఒకే స్థితియందు కూడుటను ప్రకటించిరి.

లోపలి సంగతి వారికెట్లు తెలిసెనందురా? వెలుపలికి వచ్చిన వెలుగు ఏ కోణమున, ఏ రంగున వచ్చెనో చూచి కణముల గమనమును, శక్తిని గణింతురు. ఖర్చు పద్దును బట్టి నిలువ కట్టుట నా వృత్తిలో దోషము. వారికి అదియే మార్గము.