గడియారములు వేరైనను కాలమొక్కటే

గోదావరి తీరమున ధర్మపురి క్షేత్రమునకు ముహూర్తము నడుగుటకై వచ్చువారు నేటికిని కలరు. పంచాంగము విప్పిన పండితుడు ముందుగా నడుగవలసిన ప్రశ్న యొకటి యున్నది: "ఏ ఊరికి?" అని. సూర్యోదయము ఊరూరికి మారును గనుక, ఊరు తెలియనిదే ఘడియలు చెప్పుట పొసగదు. నేడు మన చేతి ఫోనులోని క్యాలెండరునకు గూడ ఆ ప్రశ్నయే ప్రాణము. దాని నడుగుట మరచినచోటనే వేళలు తారుమారగుచున్నవి.

ఒక ఇంటి సంగతి ఊహింపుడు. పూర్వము కరీంనగరు జిల్లాలో నుండి, 2016 నుండి జగిత్యాల జిల్లాలో చేరిన ఈ ప్రాంతమునుండి గల్ఫు దేశములకు పోయినవారు లేని పల్లె అరుదు. తల్లియు, చిన్నకుమారుడును ధర్మపురిలో నున్నారు. పెద్దకుమారుడు దోహాలో కూలిపని చేయుచున్నాడు. కుమార్తె న్యూయార్కులో కాపురమున్నది. తండ్రి ఆబ్దికము ఫలానా తేదీన అని తమ్ముడు తన ఫోనులో వ్రాసి, అన్నకును అక్కకును అందునట్లు చేసెను. అన్న ఫోనులోనిది వేరొక సంస్థవారి క్యాలెండరు. అందు ఆబ్దికము ముందటి దినమున కనబడినది. అతడు బతిమాలి సంపాదించిన ఒక్కనాటి సెలవు ఆ దినమునకే చెల్లిపోయినది. మరునాడు ఇక్కడ తండ్రికి పిండము పెట్టువేళ అతడు పనిలో నున్నాడు. తప్పు అన్నదియు గాదు, తమ్మునిదియు గాదు, మరి ఎక్కడిది?

పూర్వము ప్రతి పట్టణమునకు దాని కాలము దానిదే. భూమి ఒక్క డిగ్రీ తిరుగుటకు 4 నిమిషములు పట్టును. మన దేశపు ప్రామాణిక కాలము 82½ డిగ్రీల తూర్పు రేఖాంశమును బట్టి ఏర్పడినది. ఆ రేఖ కాకినాడకు చేరువగా పోవును. ధర్మపురి సుమారు 79 డిగ్రీలపై నున్నది. కావున ఇచ్చటి సహజకాలము మన గడియారమునకు 13, 14 నిమిషములు వెనుకబడి యుండును. 1906 జనవరి 1 నుండి దేశమున కంతటికి ఒకే కాలము నిర్ణయమైనను, కలకత్తా 1948 వరకును, బొంబాయి 1955 వరకును తమ కాలమును విడువలేదు. అప్పుడు ఒకే దేశములో వచ్చిన చిక్కే, ఇప్పుడు ఖండములమధ్య మన జేబులలో వచ్చినది.

ఒక సంస్థ క్యాలెండరు మరియొక దానితో మాటలాడుటకు ఐక్యాలెండర్ అను ఉమ్మడి పద్ధతి 1998లో ఏర్పడి, 2009లో సవరింపబడినది. అందు వేళను మూడు విధముల వ్రాయవచ్చును. గ్రీనిచ్ కాలములో వ్రాయుట మొదటిది. "కోల్‌కతా కాలము" అని ఊరిపేరుతో వ్రాయుట రెండవది. ఊరూ పేరూ లేక ఉత్త "10 గంటలు" అని వ్రాయుట మూడవది. ఈ మూడవదానిని చదువు యంత్రము తనకు తోచిన ఊరిని తగిలించుకొనవచ్చును. చిక్కంతయు అచ్చటనే.

వైద్యుడు నాడి చూచి రోగమును చెప్పినట్లు, తేడా ఎంతయో చూచి కారణమును చెప్పవచ్చును. ఉదయము 10 గంటల పని 4 గంటల 30 నిమిషములకు కనబడినచో, మీ క్యాలెండరు గ్రీనిచ్ కాలములో నున్నదన్నమాట. అదే పని మధ్యాహ్నము 3 గంటల 30 నిమిషములకు కనబడినచో, మన కాలమును ఎవరో గ్రీనిచ్ కాలమని పొరబడినారు. తేడా గంటన్నర యైనచో దుబాయి కాలమును, రెండున్నర గంటలైనచో దోహా లేక సౌదీ కాలమును అనుమానింపవలెను. దినమంతయు ఉండవలసిన పని ముందటినాడే మొదలైనచో, తేదీని అర్ధరాత్రి వేళగా మార్చినారని యెరుగుడు. మనకు అర్ధరాత్రి 12 గంటలైనపుడు దోహాలో ఇంకను ముందటినాటి రాత్రి 9 గంటల 30 నిమిషములే. పైనచెప్పిన అన్నకు జరిగిన దిదియే.

అమెరికావారితో మరియొక చిక్కు కలదు. అచ్చట మార్చి రెండవ ఆదివారమున గడియారమును గంట ముందుకు త్రిప్పి, నవంబరు మొదటి ఆదివారమున వెనుకకు త్రిప్పుదురు. మనకు సాయంకాలము 7 గంటలైనపుడు న్యూయార్కులో వేసవియందు ఉదయము 9 గంటల 30 నిమిషములు, శీతకాలమున 8 గంటల 30 నిమిషములు. ఈ గంట తేడా దోషము కాదు. ఆ పని ఎవరి గడియారమునకు కట్టుబడినదో ముందే నిర్ణయించుకొన్నచో చిక్కు తీరును.

ఇక చికిత్స. తప్పిన వేళలను ఒక్కొక్కటిగా చేతితో దిద్దబోకుడు. రెండు క్యాలెండర్లును కలిసినపుడెల్ల ఆ తప్పు మరల రావచ్చును; లేదా మీ దిద్దుబాటువలన సరిగానున్న మరియొకరి వేళ చెడును. మొదట ఫోను గడియారము, అది చూపు టైమ్ జోన్ సరిగానున్నవో చూడుడు. పిమ్మట రెండు క్యాలెండర్లలోను ముఖ్యమైన టైమ్ జోన్ ఏదియో చూచి, తప్పైనదానిని దిద్దుడు. తరువాత ఆ పనిని విప్పి, దానికే వ్రాసిన ఊరిపేరు చూడుడు. నకలు తెచ్చుకొన్నవారు ఆ నకలును తొలగించి, మూలమును దిద్దిన పిదప మరల తెచ్చుకొనవలెను. అంతయు ఒక్కసారి మార్చక, రేపటి తేదీతో ఒక్క పనిని వ్రాసి, అవతలివారికి ఏ వేళకు కనబడినదో అడిగి తెలిసికొనుడు. కొన్ని క్యాలెండర్లు క్రొత్త మార్పును గ్రహించుటకు గంటలు పట్టును, తొందరపడరాదు.

ఆబ్దికములు, పండుగల విషయమున మరియొక జాగ్రత్త యవసరము. తిథికి తేదీ ఏటేట మారును గనుక "ప్రతి సంవత్సరము" అని యంత్రమునకు అప్పగింపరాదు. తిథి ముగియు క్షణము లోకమంతటికి ఒక్కటే. సూర్యోదయము మాత్రము ఎక్కడిదక్కడే. ఇచ్చట సాయంకాలము 6 గంటలకు ముగియు తిథి, వేసవిలో న్యూయార్కు గడియారమున ఉదయము 8 గంటల 30 నిమిషములకు ముగియును. కావున అక్కడనే కర్మ చేయు బిడ్డలు అక్కడికి గణించిన పంచాంగమునే చూడవలెను.

ఆ యింటి తమ్ముడు మరుసటి యేట తేదీతోపాటు ఒక్క వాక్యమును చేర్చవలసి యున్నది: "ధర్మపురి కాలము, ఉదయము 11 గంటలకు" అని. అంతమాత్రమున దోహాలోని అన్నకు 8 గంటల 30 నిమిషములు అని తెలియును. యంత్రము పొరబడినను మనుష్యుడు పొరబడడు. వేళ చెప్పునపుడు ఊరు చెప్పుట మన పెద్దల యలవాటే. దానిని మన బిడ్డలకు మరల నేర్పుదము.